కొత్త చాఫ్ కట్టరు సరిగా కోయకపోతే ఎక్కడ చూడాలి?

కరెంటు చాఫ్ కట్టరు కొత్తగా కొన్న సభ్యులు మాతో తరచుగా ఒకే మాట అంటుంటారు: "అంగడిలో చూపినప్పుడు బాగానే కోసింది. ఇంటికి తెచ్చినాక సొప్పను నమిలి పారేస్తున్నది." కొందరైతే మోటారు చిన్నదైందని పెద్ద మోటారు కొనడానికి సిద్ధపడుతుంటారు. ఆ ఖర్చు పెట్టే ముందు చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. వాటిలో చాలావాటికి పైసా ఖర్చు లేదు.

కోడుమూరు ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు. నల్లరేగడి చేలల్లో పప్పుశనగ పెరిగి జొన్న తగ్గింది. వేసవికి సొప్ప కొనుక్కునే ఇళ్ళు ఎక్కువయ్యాయి. నిలువు సొప్ప వేస్తే బర్రె ఆకు తిని, దంటు కాళ్ళకింద తొక్కుతుంది. కొన్న మేతలో ఎంత భాగం పేడలో కలుస్తున్నదో తెల్లవారి గాడి ఊడ్చే ఆడవారికి బాగా తెలుసు. అది తప్పించడానికే యంత్రం కొంటాము. అది మూలన పడితే అప్పు ఒకవైపు, సొప్ప నష్టం ఇంకొకవైపు.

ఆ వైపు ఒక సభ్యుని ఇంట మేము చూసినది చెబుతాము. 2 హెచ్.పి. సింగిల్ ఫేజు మోటారు, రెండు బ్లేడ్ల చక్రం, అన్నీ కొత్తవే. నాలుగు దంట్లు పెడితే కోస్తుంది, గుప్పెడు పెడితే మూలిగి ఆగుతుంది. మోటారు మీద చెయ్యి పెట్టలేనంత వేడి. ఇటువంటప్పుడు ఒకేసారి అన్నీ విప్పరాదు. మూడు మెట్లుగా చూడాలి: మోటారు ఒక్కటే, తరువాత యంత్రం ఖాళీగా, ఆ తరువాత మేతతో.

మొదట స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకి, బెల్టు తీసివేయాలి. మళ్ళీ కరెంటు ఇచ్చి మోటారును ఒంటరిగా తిప్పాలి. అప్పుడు కూడా గుయ్యిమంటూ కదలకపోతే లోపం కెపాసిటరులోనో, కరెంటులోనో, మోటారులోనో ఉన్నట్టు. కెపాసిటరును మీరు ముట్టుకోవద్దు, కరెంటు తీసినాక కూడా అది షాకు కొట్టగలదు. మోటారు నిమ్మళంగా తిరిగితే ఆపి, ప్లగ్గు పీకి, పెద్ద చక్రాన్ని చేత్తో తిప్పి చూడాలి. బిగుతుగా ఉంటే బేరింగులు, గేరు పెట్టె చూడాలి. కొత్త యంత్రం గేరు పెట్టెలో నూనె పోయకుండానే ఇంటికి చేరడం కద్దు. ఈ సభ్యుని యంత్రంలో ఈ రెండూ బాగానే ఉన్నాయి. ఖాళీగా చక్కగా తిరిగింది. బరువు పడినప్పుడే చతికిలబడింది.

అందుచేత బరువు మీద ఉండగానే ఎలక్ట్రీషియను చేత వోల్టేజి కొలిపించాము. టెస్టరులో దీపం వెలిగితే కరెంటు ఉన్నదని మాత్రమే తెలుస్తుంది, ఎంత ఉన్నదో తెలియదు. ఇంటి మీటరు దగ్గర 210 వోల్టులు, కొట్టంలో యంత్రం దగ్గర 192. మధ్యలో యాభై మీటర్లకు పైగా సన్నటి వైరు లాగి ఉన్నది. మోటారు తిప్పుబలం వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది. 230 వోల్టుల మోటారుకు 192 మాత్రమే అందితే, ఆ లెక్కన బలం నూటికి 70 పాళ్ళకు పడిపోతుంది. సన్న వైరు వాడి మిగిల్చిన డబ్బు ఇలా మోటారు వేడిలో పోతున్నది. ఆయన కొనబోయిన 3 హెచ్.పి. మోటారు అదే వైరు మీద ఇంకా ఎక్కువ కరెంటు లాగి, వోల్టేజిని ఇంకా కిందికి దించేది. మోటారుకు, యంత్రం ఇనుప చట్రానికి ఎర్తు ఉన్నదో లేదో కూడా అప్పుడే చూపించుకోండి. కొట్టంలో నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది.

తరువాత పుల్లీలు. మోటారు నిమిషానికి 1440 చుట్లు తిరిగేదై, దాని పుల్లీ 3 అంగుళాలు, చక్రం పుల్లీ 12 అంగుళాలు అయితే చక్రం 360 చుట్లు తిరుగుతుంది. మోటారు పుల్లీ 5 అంగుళాలది బిగిస్తే 600 అవుతుంది. వేగం పెరిగింది కదా అని సంతోషించరాదు, మోటారుకు బరువు పెరుగుతుంది, యంత్రం అదురుతుంది. మరీ చిన్న పుల్లీ వేస్తే చక్రంలో ఊపు చాలదు. వేగం సగమైతే చక్రంలో నిలవుండే శక్తి నాలుగో వంతుకు తగ్గుతుంది, దంటు అడ్డం పడగానే ఆగిపోతుంది. యంత్రంతో ఇచ్చిన కాగితంలో చక్రం ఎన్ని చుట్లు తిరగాలో చూసి పుల్లీ లెక్క సరిచూసుకోవాలి. బెల్టును నడిమిన బొటనవేలితో నొక్కితే అర అంగుళం దిగాలి. అంతకన్నా వదులైతే జారుతుంది, కాలిన రబ్బరు వాసన వస్తుంది.

అసలు దొంగ మాత్రం బ్లేడు దగ్గర దొరికింది. బ్లేడుకూ, మేత వచ్చే మూతి దగ్గరి ఇనుప పట్టీకీ మధ్య అగ్గిపుల్ల దూరేంత సందు ఉన్నది. మందపు కాగితం పట్టేంతకు మించి అక్కడ సందు ఉండరాదు. ఉంటే దంటు తెగక మడతపడి నలుగుతుంది. రవాణా కుదుపులకు బోల్టులు వదులై ఉండవచ్చు. ప్లగ్గు పీకి, చక్రం కదలకుండా చెక్క అడ్డం పెట్టి, రెండు బ్లేడ్లకూ ఒకే సందు వచ్చేలా బిగించాము. చేత్తో ఒక చుట్టు తిప్పి, బ్లేడు పట్టీకి తగలడం లేదని చూసుకున్నాకే కరెంటు ఇచ్చాము. వైరు ఇంకా మార్చకముందే గుప్పెడు సొప్ప తెగింది. వైరు మారిన తరువాత మోటారు వేడి కూడా తగ్గింది. రెండూ ఒకేనాడు చేసి ఉంటే ఏది దేనివల్లనో ఆయనకు తెలిసేది కాదు.

బ్లేడుకు సాన పట్టేటప్పుడు వాలుగా ఉన్న వైపే పట్టాలి, చదునుగా ఉన్న వైపు ముట్టరాదు. రెండింటినీ సమానంగా అరగదీయాలి. ఒకటి తేలికైతే చక్రం అదిరి పునాది బోల్టులు ఊడతాయి. మోపులో రాయి, కట్టుతీగ ఉంటే కొత్త బ్లేడు అయినా ఒక్క పూటలో పళ్ళు పడుతుంది.

మేత ఇరుక్కున్నప్పుడు జరిగే ప్రమాదమే అన్నిటికన్నా ఘోరమైనది. చేతివేళ్ళు, కొన్నిసార్లు చెయ్యే పోతుంది. రివర్సు లివరు ఉంటే దానితో వెనక్కు తీయాలి. అది లేకుంటే, స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకి, చక్రం పూర్తిగా నిలిచేదాకా ఆగాలి. స్విచ్చి ఆపినా బరువైన చక్రం కొంతసేపు తిరుగుతూనే ఉంటుందని మరువరాదు. మేత పెట్టే తొట్టి, చెయ్యి చాచినా రోలర్లు అందనంత పొడవుగా ఉండాలి. చక్రం మీద, బెల్టు మీద మూత లేని యంత్రాన్ని అంగడిలోనే వద్దనండి. ఆడవారు కొంగు నడుముకు బిగించి నిలవాలి. పిల్లలను ఎట్టి పరిస్థితిలోనూ దగ్గరకు రానీయరాదు.

ముక్క పొడవు గురించి ఒక మాట. ఇది చక్రం వేగాన్ని బట్టి మారదు, గేరును, బ్లేడ్ల సంఖ్యను బట్టి ఉంటుంది. సొప్పకు అంగుళం ముక్క చాలు. పిండిలాగా కోస్తే బర్రె నెమరు తగ్గుతుంది, లాలాజలం తగ్గుతుంది, దానితో పాలలో వెన్న శాతం దిగుతుంది. సంఘంలో మీకు డబ్బు వచ్చేది ఆ వెన్న మీదనే గదా!

ఇవన్నీ చూసినా యంత్రం దారికి రాకపోతే, అమ్మినవారి దగ్గరకు ఉత్త చేతులతో పోకండి. మోటారు రేకు మీద ఉన్న హెచ్.పి., చుట్లు, వోల్టేజి, రెండు పుల్లీల కొలతలు, కోసేటప్పుడు యంత్రం దగ్గర కొలిచిన వోల్టేజి ఒక కాగితం మీద రాసి, బిల్లుతో, గ్యారంటీ కార్డుతో కలిపి తీసుకుపోండి. కార్డు మీద అంగడి ముద్ర, కొన్న తేదీ ఉన్నాయో లేవో ఇప్పుడే తీసి చూసుకోండి.