అమెరికా ప్రయాణము - చేతి సొమ్ము

కుమార్తె పురుడనియో, కుమారుని గృహప్రవేశమనియో అమెరికాకు బోవు తల్లులు నేడు మన తెలుగువారిలో ననేకులు. ప్రయాణము నిశ్చయమైనది మొదలు ఊరగాయలును, పొడులును, చీరలును సర్దుటతోనే వారికి తీరిక చిక్కదు. సొమ్ము ప్రసక్తి వచ్చినప్పుడు మాత్రము "అంతయు అల్లుడు చూచుకొనును" అని యూరకుందురు. ఇక్కడ సంసారమంతయు లెక్క తప్పకుండ నడపిన యిల్లాలు, అక్కడ నాలుగైదు నెలలు మనుమనికి మిఠాయి కొనుటకైనను ఒకరి చేయి చూడవలసివచ్చుట యెంత చిన్నతనము! ఇది తప్పించుకొనుటకు గొప్ప చదువక్కరలేదు. కొన్ని సంగతులు తెలిసికొనిన జాలును.

సొమ్ము మార్చుట మన స్త్రీలకు క్రొత్త కాదు. హైదరాబాదు సంస్థానమున హాలీ సిక్కా చెల్లిన దినములలో, కృష్ణ కీవలి యొడ్డున మెట్టి ఆవలి యొడ్డున పుట్టినిల్లు గల ఆడుపడుచు ఆరు ఇంగ్లీషు రూపాయల కేడు హాలీ రూపాయలు లెక్క చూచుకొనెడిది. మార్చి యిచ్చిన షరాబు పుచ్చుకొను వట్టము వేరు. ఆ సిక్కా 1959 లో రద్దయ్యెను. వట్టము మాత్రము పోలేదు; రూపము మార్చుకొనెను.

నేటి మారకపు దుకాణములో ప్రతి డాలరునకును రెండు ధరలుండును. ఒకటి వారు మనకమ్మునది, రెండవది మనయొద్ద కొనునది. డాలరును 90 రూపాయల కమ్మి, 86 రూపాయలకు కొందురనుకొందము. 500 డాలర్లు కొని, ప్రయాణ మాగిపోయి మరల నమ్మినచో 2,000 రూపాయలు నష్టము. "మారకమునకు రుసుము లేదు" అని పలక గట్టినచోటను లాభము ఈ రెండు ధరల నడుమ దాగియుండును. కావున "రుసుమెంత?" అని గాక, "ఇన్ని రూపాయలకు నా చేతికి వచ్చు డాలర్లెన్ని?" యని రెండు మూడుచోట్ల అడుగవలెను. విమానాశ్రయములలో ధర సాధారణముగ ప్రియముగ నుండును గనుక ఊరిలోనే, బ్యాంకునందో రిజర్వు బ్యాంకు అనుమతి గల దుకాణమునందో కొని రసీదు పుచ్చుకొనుట మేలు. పాస్‌పోర్టు వెంట నుండవలెను. కొనుగోలు 50,000 రూపాయలు మించినచో నగదు పుచ్చుకొనరు. చెక్కు మొదలగు బ్యాంకు మార్గమున చెల్లింపవలెను.

ఒక ప్రయాణమునకు మూడువేల డాలర్లవరకు నగదుగ గొనవచ్చును. అంత మోసికొని పోనక్కరలేదు. కొన్ని వందలు చేత నుంచుకొని, మిగిలినది కార్డులో నుంచుట క్షేమము. ఆ నగదునైనను ఒకేచోట నుంచక, కొంత చేతిసంచిలోను కొంత వేరొకచోటను దాచవలెను. నూరు డాలర్ల నోట్లు చిన్న దుకాణములలో పలువురు పుచ్చుకొనరు. ఇరువదులు, పదులు, అయిదులు అడిగి తీసికొనుడు.

ఆ నోట్లన్నియు నొకే కొలత. మన నోట్లవలె నిడివినిబట్టి పోల్చుటకు వీలులేదు. మూలలనున్న అంకె చూచి మరి యీయవలెను. నాణెములతో చిక్కు ఇంకను హెచ్చు. సెంటు, అయిదు, పది, ఇరువదియైదు సెంట్లు - ఈ నాలుగింటిమీదను విలువ అక్షరములలోనే గాని అంకెలలో నుండదు. పైగా పదిసెంట్ల నాణెము అయిదుసెంట్లదానికంటె చిన్నది! ఇంటివద్దనే మనుమల ముందర నాలుగింటిని పరచి రెండుసారులు చూచుకొనిన, దుకాణములో తడబాటుండదు. రాగిరంగు సెంటును వాడుకకై ముద్రించుట 2025 లో మానిరి. ఉన్నవి చెల్లుచునే యున్నవి.

వస్తువుపై వ్రాసిన ధరయే యియ్యవలసిన ధర యనుకొనరాదు. అక్కడ అనేక రాష్ట్రములలో అమ్మకపు పన్ను లెక్కకట్టునప్పుడు చేర్చెదరు. ఓరెగాన్ వంటి కొన్నింట మాత్రమే అది లేదు. కూర్చుండి భుజించు హోటళ్లలో వడ్డించినవారికి నూటికి పదునైదు మొదలు ఇరువది వరకు ఇచ్చుట ఆచారము. ఈ రెండును కలుపుకొనియే చేతిలో సొమ్ము చూచుకొనవలెను.

మన దేశపు కార్డు వాడునప్పుడు యంత్రము "రూపాయలలోనా, డాలర్లలోనా?" అని యొకప్పుడు అడుగును. రూపాయలనగానే మన కభిమానము కలుగుట సహజము. కాని అట్లు కోరినచో మారకపు ధరను అక్కడివారు నిర్ణయింతురు. అది తరచుగ మనకు నష్టము. డాలర్లే కోరవలెను.

కుటుంబమంతయు కలిసి పదివేల డాలర్లకు మించి తీసికొనిపోయినచో అమెరికా సుంకపు అధికారులకు తెలుపవలెను. దానిపై పన్ను లేదు, దాచుటయే నేరము. తిరిగి వచ్చిన పిదప రెండువేల డాలర్లవరకు ఇంట నుంచుకొనవచ్చును. అంతకు మించినది 180 దినములలోగా బ్యాంకునకో, అనుమతిగల దుకాణమునకో ఇచ్చివేయవలెను. చిల్లర నాణెములను సాధారణముగ నిక్కడ నెవ్వరును కొనరు. విమానమెక్కకమునుపే వానిని వెచ్చించుడు.

ఈ లెక్కలను బిడ్డల నడిగి యొక చిన్న పుస్తకమున వ్రాసికొని, మొదటి వారమున కూరలకైనను మీరే స్వయముగ సొమ్ము చెల్లింపుడు. త్రోవలో విమానము తప్పినను, ఇంట నెవ్వరును లేని వేళ అవసరము వచ్చినను, ఆ యలవాటే మీకు తోడు.