గోడకు లేతపచ్చ



దసరా దగ్గర పడుతోందంటే మన ఇళ్ళల్లో మొదట వచ్చే మాట సున్నాల మాటే. వానలు వెనకపట్టి, గోడలు ఆరి, బతుకమ్మ పండుగకు ఆడబిడ్డలు పుట్టింటికి వచ్చే వేళకు ఇల్లు తళతళలాడాలని ప్రతి ఇల్లాలికీ ఉంటుంది. ఈసారి ఏ రంగు వేయిద్దాం అనుకున్నప్పుడు చాలామంది నోట వచ్చేది లేతపచ్చ. దుకాణంలో దీన్నే పిస్తా రంగు అంటారు. ఈ రంగు ఏ గదికి నప్పుతుంది, దేనికి నప్పదు, ఎలా ఎంచుకోవాలి, పాత పచ్చరంగు గీకించేటప్పుడు పిల్లల విషయంలో ఎంత జాగ్రత్త పడాలి, ఈ సంగతులు ఇవాళ చెప్పుకుందాం.

పచ్చదనం కంటికి హాయి అని మన పెద్దలు ఊరికే అనలేదు. పగటి వెలుతురులో మన కన్ను అన్ని రంగులకంటే పసుపుపచ్చనీ ఆకుపచ్చనీ కలిపే చోట ఉన్న వెలుతురునే బాగా పట్టుకుంటుంది. ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. ఎర్రటి రవికెల గుడ్డకేసి అర నిమిషం తదేకంగా చూసి, వెంటనే తెల్లగోడకేసి చూపు తిప్పండి. గోడ మీద లేతపచ్చ మరక ఒకటి తేలుతుంది. ఎరుపు చూసి చూసి అలసిన కన్ను దాని జోడు రంగును చూపిస్తుందన్నమాట. ఆపరేషన్లు చేసే డాక్టర్లకు ఇదే ఇబ్బంది. రక్తాన్ని చూసి తల ఎత్తితే తెల్లగోడలు కళ్ళు మిరుమిట్లు గొలిపేవి. అందుకే 1914లో శాన్‌ఫ్రాన్సిస్కోలో హ్యారీ షెర్మన్ అనే సర్జన్ తన ఆపరేషన్ గదికి పచ్చరంగు వేయించారు. తర్వాత ఆ పద్ధతి ఎన్నో దేశాల ఆసుపత్రులకు పాకింది.

అయితే పచ్చ అంతా ఒకటి కాదండీ. డిచ్‌పల్లి దాటి ఆర్మూర్ వైపు పెద్దరోడ్డు మీద వెళుతూ జక్రాన్‌పల్లి దగ్గర బస్సు కిటికీలోంచి చూడండి. వరి నారుమడి పచ్చ ఒక తీరు, అందులో పసుపు ఛాయ ఉంటుంది. చెరకు ఆకు పచ్చ ఇంకో తీరు, అందులో నీలం ఛాయ కనిపిస్తుంది. రంగుల దుకాణంలోనూ అంతే. అన్నీ లేతపచ్చలే అయినా, కొన్ని పసుపు వైపు మొగ్గుతాయి, కొన్ని నీలం వైపు మొగ్గుతాయి. ఇది తెలిస్తే సగం పని అయినట్టే. ఉత్తరం వైపు కిటికీ ఉన్న గదిలోకి నేరుగా ఎండ పెద్దగా రాదు. అలాంటి గదికి నీలం మొగ్గు పచ్చ వేస్తే వెలవెలబోతుంది, నారుమడి పచ్చ వేయండి. సాయంత్రం పడమటి ఎండ మండిపోయే గదికి చెరకాకు ఛాయ బాగుంటుంది. రాత్రి దీపాన్ని కూడా చూసుకోవాలి. పసుపు వెలుగు బల్బు కింద లేతపచ్చ కాస్త పసుపుగా, తెల్ల ట్యూబులైటు కింద కాస్త చల్లగా కనిపిస్తుంది.

పడకగదికీ, పిల్లలు చదువుకునే గదికీ, ముందు వసారాకూ ఈ రంగు చక్కగా అమరుతుంది. తాండూరు బండలు పరచిన ఇంట్లోనూ, ఎర్ర గచ్చు చేసిన ఇంట్లోనూ నప్పుతుంది. టేకు దర్వాజలకు వార్నిషు వేసి ఉంటే ఇంకా అందం. పైకప్పు లోపలి వైపు మాత్రం తెల్లగానే ఉంచుకోండి, గదిలో వెలుతురు తగ్గదు.

ఇక నప్పని చోట్లు రెండు చెబుతాను. మొదటిది అద్దం ఉన్న చోటు. గోడ మీద పడిన వెలుతురు పచ్చఛాయతో తిరిగి వచ్చి మొహాన పడుతుంది. మనిషి నీరసంగా ఉన్నట్టు కనిపిస్తుంది, చీర రంగు కూడా సరిగ్గా తెలియదు. రెండోది వంట చేసే గట్టు ఎదుటి గోడ. పోపు దోరగా వేగిందా, మాడిందా అన్నది మనం రంగు చూసే కదా చెప్పేది. అక్కడ తెలుపో మీగడ రంగో ఉంటే మేలు.

పచ్చరంగు వేస్తే ఇల్లు చల్లబడుతుందని కొందరు అనుకుంటారు. చల్లగా అనిపించడం వేరు, చల్లబడడం వేరు. లోపలి గోడ రంగు మన మే నెల ఎండను ఆపలేదు. వేడి దిగేది డాబా మీంచి. డాబా పైన తెల్లసున్నం వేస్తే చాలా ఎండ వెనక్కి పోతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రకటించిన చల్లని పైకప్పుల విధానం వెనక ఉన్నదీ ఈ సూత్రమే. అంచేత డబ్బు కొంచెమే ఉంటే ముందు డాబాకు తెలుపు, తర్వాతే గదికి పచ్చ.

పాత పెంకుటిళ్ళల్లో లేతపచ్చ సున్నంతోనే వచ్చేది. సున్నం నానబెట్టి, వడగట్టి, బంక కలిపి, అందులో కాస్త మైలుతుత్తం వేసేవారు. నీలం కలిసిన పచ్చ వచ్చేది. బూజు పట్టడమూ తగ్గేది. రైతులు తెగుళ్ళకు కొట్టే బోర్డో మిశ్రమం కూడా ఈ సున్నమూ తుత్తమూ కలిసినదే. ఇప్పటికీ ఇలా వేయించేవారు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. తుత్తం విషం, పిల్లలకు అందనివ్వకూడదు. ఇనుప బకెట్టులో కలపకూడదు, అందులోని రాగి ఇనుముకు పట్టుకుంటుంది.

మరి ఇంత పసుపు పండే జిల్లాలో, నీలంలో పసుపు కలిపి పచ్చ చేయకూడదా అంటారేమో! సున్నంలో పసుపు పడితే ఎర్రబడుతుంది. పారాణి చేసేది అలాగే కదా. అందుకే పసుపు చేతులు సున్నపు గోడకు తగిలితే ఎర్ర మరకలు పడతాయి. నిమ్మకాయ రుద్దితే ఎరుపు పోయి పసుపు వస్తుంది గానీ సున్నం తినేసి గోడ గుంట పడుతుంది. ఆరాక ఉప్పు కాగితంతో మెల్లగా గీకి, పైన మరో పూత వేయడమే మంచిది.

కొనేముందు కొంచెం లెక్క వేసుకోండి. పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు ఉన్న గదికి నాలుగు గోడలూ కలిపి 440 చదరపు అడుగులు. తలుపూ, రెండు కిటికీలూ తీసేస్తే సుమారు 395. రెండు పూతలకు లీటరు 65 చదరపు అడుగులకు వస్తుందని డబ్బా మీద ఉంటే, ఆరు లీటర్ల పైన ఒక చిన్న డబ్బా. రంగుల కార్డులో నచ్చినదానికంటే ఒక మెట్టు లేతది తీసుకోండి. నాలుగు గోడలూ ఒకదాని రంగు ఒకదాని మీద వేసుకునేసరికి అది ముదిరి కనిపిస్తుంది. గోడ మీద రెండడుగుల మేర వేయించి, పొద్దునా, సాయంత్రం, రాత్రి దీపంలో చూశాకే సరే అనండి. సున్నపు రంగు ఆరితే లేతబడుతుంది, ఎమల్షన్ ఆరితే పిసరంత ముదురుతుంది. సున్నపు రంగయితే గదికంతటికీ ఒకేసారి కలిపించండి, రెండోసారి కలిపింది మొదటిదానితో కలవదు. చెమ్మ ఉన్న గోడకు ఎమల్షన్ వేయించకండి, పొరలు పొరలుగా లేచిపోతుంది. ముందు నీళ్ళు కారే చోటు బాగు చేయించాలి.

ఇప్పుడు అసలు జాగ్రత్త. పచ్చరంగు చరిత్రలో విషం ఉంది. 1775లో షీలే అనే స్వీడన్ రసాయన శాస్త్రజ్ఞుడు కనిపెట్టిన పచ్చలో ఆర్సెనిక్, అంటే పాషాణం, ఉండేది. పందొమ్మిదో శతాబ్దంలో యూరపులో ఆ రంగు గోడ కాగితాల వల్ల జబ్బు పడ్డవారున్నారు. మన ఇళ్ళల్లో ఉండగల విషం సీసం. తలుపులకూ కిటికీ ఊచలకూ వేసిన పాత పచ్చ ఎనామెల్ రంగుల్లో సీసం కలిసిన పసుపు ఉండేది. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం పదిలక్షల పాళ్ళలో 90 పాళ్ళకు మించకూడదన్న నిబంధన 2016లో వచ్చి, 2017 నవంబరు 1 నుంచి అమలైంది. అంతకుముందు వేసినదాన్ని అనుమానించవలసిందే. పెచ్చులు రుచికి తియ్యగా ఉంటాయి, పాకే పిల్లలు నోట్లో పెట్టుకుంటారు. సీసం పసివాళ్ళ మెదడుకు చేటు, ఇంత వరకైతే ఫరవాలేదన్న హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

కాబట్టి పాత తలుపులను పొడిగా గీకనివ్వకండి. నీళ్ళతో తడిపి రుద్దమనండి. గర్భిణీలనూ పిల్లలనూ ఆ రోజుల్లో వేరే ఇంట ఉంచండి. దుమ్ము చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ పారేయండి. పెయింటరు కూడా సన్నటి దుమ్మును ఆపే మాస్కు పెట్టుకునేలా చూడండి, ఆయనకూ పిల్లలుంటారు కదా. బిడ్డ పెచ్చులు తిన్నాడని అనుమానం ఉంటే డాక్టరుకు చూపించండి, రక్తపరీక్షలో సీసం తెలుస్తుంది. కొత్త డబ్బా కొనేటప్పుడు సీసం గురించి దాని మీద ఏమి రాశారో చదివించుకుని మరీ కొనండి.

పండుగకు ఇంకా రోజులున్నాయి. మీ గదిలోకి ఎండ ఏ వేళకు, ఏ వైపు నుంచి వస్తుందో ఈ వారమంతా గమనించి, తర్వాత దుకాణానికి వెళ్ళండి.