“ఆపండి!” అంటే మొదలయ్యే నాటకం

నాటకం మధ్యలో ప్రేక్షకుడొకడు లేచి “ఆపండి!” అని కేకవేస్తే గొడవే కదూ? కాని ఫోరం థియేటర్‌లో అసలు ఆట అప్పుడే మొదలవుతుంది. 1970వ దశకంలో ఈ పద్ధతిని రూపొందించినవారు బ్రెజిల్ దేశీయుడు అగస్తో బోవాల్. ఆయన చదివింది కెమికల్ ఇంజనీరింగ్!

ఒక కూలీ 1,000 రూపాయలు అప్పు చేశాడనుకోండి. వడ్డీ నెలకు నూటికి 5 రూపాయలు; అంటే నెలకు 50. అతడు కట్టగలిగేది 40. కడుతున్నా అప్పు పెరుగుతూనే ఉంటుంది. కథ విషాదంగా ముగుస్తుంది.

వెంటనే మళ్ళీ మొదటినుంచి ఆడతారు. ఈసారి ఎవరైనా “ఆపండి!” అని, కూలీ పాత్రలోకి వచ్చి తన ఉపాయం ప్రయత్నించవచ్చు. ఒకరు బతిమాలతారు; వడ్డీవ్యాపారి కరగడు. మరొకరు తోటి కూలీలతో కలిసి పొదుపు చేద్దామంటారు, “ఇంట్లో గింజలే లేవు, పొదుపెలా?” అంటాడొక కూలీ. వ్యాపారి ఉన్నట్టుండి మంచివాడైపోయే మంత్రాలు ఇక్కడ చెల్లవు.

ప్రయోగశాలలో ఒక్క అంశాన్ని మార్చి, మిగిలినవి అలాగే ఉంచి ఫలితం చూస్తాం. ఇదీ అంతే! 1993–96లో బోవాల్ రియో డి జనీరో నగరసభ సభ్యుడిగా ఉండగా, ఇటువంటి నాటకాల్లో ప్రజలు చెప్పిన సూచనల నుంచి 13 చట్టాలు పుట్టాయి.

ఈ అప్పు కథను మీ తరగతిలో ఆడి చూడండి. “ఆపండి!” అని మీరు ఎక్కడ లేస్తారు?