ఆకు చాయ్‌కి ఏ గిన్నె మంచిది?

శేరిలింగంపల్లిలో తెల్లవారకముందే పొయ్యి మీద చాయ్ గిన్నె ఎక్కుతుంది. ఎంతోమంది ఆడవాళ్ళు ఇంత చాయ్ తాగి పనికి బయలుదేరుతారు. కొందరు హైటెక్ సిటీ ఆఫీసులు ఊడుస్తారు. కొందరు కొండాపూర్, గచ్చిబౌలి అపార్ట్‌మెంట్లలో ఇంటిపని చేస్తారు.

ఆ ఇళ్ళలో గాజు కెటిల్ కనబడుతుంది. అందులో ఆకు చాయ్ కాస్తారు. పండక్కి ఒక అక్కకు ఆ ఇంటివాళ్ళు ఆకు పొట్లం ఇచ్చారనుకోండి. ఆ అక్క ఇంటికి తెచ్చి, రోజూ పొడి వేసినట్టే పాలల్లో వేసి మరగబెడుతుంది. తాగి చూస్తే ఒకటే వగరు! "దీనికి గాజు కెటిలే కావాలేమో" అనుకుంటుంది. దుకాణంలో అడిగితే దాని ధర వందల్లో ఉంటుంది.

అంత ఖర్చు అక్కర్లేదు. సంగతి ఏమిటో చూద్దాం.

మనం రోజూ వాడే చాయ్‌పత్తా గింజల్లాగ ఉంటుంది. తేయాకును మిషన్లో నలిపి, చించి, చుట్టి దాన్ని చేస్తారు. అందుకే రంగు, రుచి తొందరగా దిగుతాయి. ఆకు చాయ్ అట్లా కాదు. అది ఎండి ముడుచుకున్న ఆకు. వేడినీళ్ళలో మెల్లగా విచ్చుకోవాలి. మరగబెడితే ఆకులోని వగరంతా నీళ్ళలోకి దిగుతుంది.

కాబట్టి ముందు నీళ్ళు మరిగించాలి. గిన్నె దించాలి. కప్పుకు ఒక చిన్న చెంచా ఆకు వెయ్యాలి. మూత పెట్టి మూడు నాలుగు నిమిషాలు ఆగాలి. గ్రీన్ టీ ఆకు అయితే నీళ్ళు దించాక రెండు మూడు నిమిషాలు ఆరనిచ్చి, అప్పుడు వెయ్యాలి. ఇంట్లో ఉన్న స్టీలు గిన్నె, దాని మీద సరిపోయే మూత. ఇవి చాలు.

మూత విలువ ఇరానీ హోటల్ వాళ్ళకు బాగా తెలుసు. వాళ్ళు డికాక్షన్ గిన్నెను మూసి దమ్ మీద పెడతారు. పాలు వేరే గిన్నెలో చిక్కగా కాస్తారు. రెండూ కప్పులోనే కలుస్తాయి. ఆకు చాయ్‌లో పాలు కావాలంటే మనమూ అట్లాగే పోసుకోవచ్చు.

మరి ఇంట్లో ఉన్నది సిల్వర్ గిన్నె అయితే? సిల్వర్ అని పిలుస్తాం గాని, అది వెండి కాదు, అల్యూమినియం. హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. ఆ సంస్థ 2024లో తిండి గురించి సలహాల పుస్తకం వేసింది. పులుపు వంటలు అల్యూమినియం గిన్నెల్లో నిలవ ఉంచవద్దని అందులో చెప్పారు. కళాయి లేని ఇత్తడి, రాగి గిన్నెలకూ అదే మాట. స్టీలుతో ఆ భయం లేదు. నిమ్మకాయ చాయ్ అంటే పులుపే కదా! అది స్టీలులోనే చేసుకోవాలి.

కొత్త గిన్నె కొనాలంటే చందానగర్‌లో, లింగంపల్లిలో స్టీలు సామాను దుకాణాలున్నాయి. అడుగు మందంగా ఉన్నది చూడండి. పలచటి అడుగైతే పాలు మాడతాయి. గిన్నెను బల్ల మీద పెట్టండి, ఊగకూడదు. మూత పెట్టి చూడండి. నీళ్ళు పోసి వంపి చూపించమని అడగండి. అడగడానికి మొహమాటం ఎందుకు? ధార కప్పులో పడాలి గాని, గిన్నె వెంబడి కారకూడదు. కారితే రేపు చెయ్యి కాలేది మనకే.

జాలి కూడా స్టీలుదే మేలు. గొలుసుతో వేలాడే చిన్న గుండ్రటి జాలి కూడా అమ్ముతారు. చూడ్డానికి ముద్దుగా ఉంటుంది. కాని అందులో ఆకు విచ్చుకోవడానికి చోటు చాలదు.

గిన్నె మరీ పెద్దది వద్దు. పెద్ద గిన్నెలో చాయ్ మిగులుతుంది. మిగిలింది అన్నంతో పాటు తాగేస్తాం. చాయ్‌లోని వగరు తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. ఇనుము తక్కువైతే రక్తం తగ్గుతుంది. 2019-21 సర్వేలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తం తక్కువని తేలింది. అన్నానికి ముందు గంట, తరువాత గంట చాయ్ తాగవద్దని పోషకాహార సంస్థ చెబుతోంది. ఐరన్ మాత్రను కూడా చాయ్‌తో మింగకూడదు.

పని దగ్గరికి చాయ్ తీసుకుపోయేవాళ్ళు ప్లాస్టిక్ కవర్లో కట్టించుకోవద్దు. స్టీలు డబ్బా పట్టుకెళ్ళాలి. కాగితం కప్పు లోపల కూడా పలచటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. 2020లో ఖరగ్‌పూర్ ఐఐటీ వాళ్ళు ఆ కప్పుల్లో వేడినీళ్ళు పోసి పరీక్షించారు. 15 నిమిషాల్లో 100 మిల్లీలీటర్ల నీళ్ళలోకి కంటికి కనబడని ప్లాస్టిక్ ముక్కలు 25 వేల దాకా దిగాయి.

గాజు కప్పు మీద మనసైతే తప్పకుండా కొనుక్కోండి. మామూలు గాజును మాత్రం పొయ్యి మీద పెట్టకండి, పగులుతుంది. పింగాణీ కప్పు అయితే లోపల తెల్లగా, బొమ్మలు లేకుండా ఉన్నది తీసుకోండి.

ఇక ఆ అక్క పొట్లంలో మిగిలిన ఆకు ఉంది కదా. ఒకసారి వాడిన ఆకును వెంటనే పారెయ్యనక్కర్లేదు. మళ్ళీ వేడినీళ్ళు పోసి, మూత పెట్టి, ఇంకో రెండు నిమిషాలు ఎక్కువ ఉంచితే రెండో కప్పు వస్తుంది.