అపరాధ పరిశోధన - అనురాగ ఉపకథ

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతవాసులకు ఉపకథ విలువను వేఱుగా చెప్పనక్కఱలేదు. ఆళ్లగడ్డ చేరువనున్న అహోబిలమున ప్రధానకథ హిరణ్యకశిపుని వధ. అయినను ఏటేట కనుమనాడు మొదలగు పారువేట ఉత్సవమున స్వామి పల్లకి నెక్కి పల్లెపల్లెకు వచ్చుట, తన కల్యాణమునకు జనులను పిలుచుటకే యని ఇచ్చటివారి నమ్మకము. చెంచులు ఆయనను తమ యింటి అల్లునిగా భావింతురు. వధ ముగిసినను చల్లారని ఉగ్రమును చెంచులక్ష్మి అనురాగము శాంతింపజేసినదని స్థానికగాథ. ఆ ప్రణయము పైనుండి అతికినది కాదు. ప్రధానకథ మిగిల్చిన చోటనే మొలకెత్తినది.

టెలివిజన్‌లో వచ్చు అపరాధ పరిశోధక నాటకములకును ఈ కొలతయే తగును. హంతకు డెవ్వడో యని ప్రేక్షకుడు ఆత్రపడుచుండగా పరిశోధకుని ప్రణయమో, దాంపత్యమో నడుమ ప్రవేశించును. కొందఱికది విసుగు, కొందఱికది ప్రాణము. ఏది న్యాయము?

కానన్ డాయిల్ 1890లో వెలువరించిన ‘ది సైన్ ఆఫ్ ఫోర్’ నవలను చూడుడు. షెర్లాక్ హోమ్స్ మిత్రుడైన వాట్సన్, సాయమర్థించి వచ్చిన మేరీ మోర్స్టన్‌ను ప్రేమించును. నిధి దొరకినచో ఆమె ధనవంతురాలగును. తన ప్రేమ ధనాశగా తోచునేమో యని అతడు నోరు విప్పడు. నిధిపెట్టె ఖాళీ యని తెలిసిన క్షణముననే మాట పెగలును. పరిశోధనలోని నష్టము ప్రణయమునకు లాభమైనది. జెరెమీ బ్రెట్ హోమ్స్‌గా నటించిన 1987 నాటి బ్రిటిష్ టెలివిజన్ రూపము ఆ వివాహమును విడిచిపెట్టెను. మిత్రుల సహవాసము చెడలేదు గాని, ఖాళీపెట్టెలోని ఆనందము పోయినది.

మన దూరదర్శన్‌లో 1993లో బాసు చటర్జీ దర్శకత్వమున ప్రసారమైన ‘బ్యోమకేశ్ బక్షీ’ సత్యవతిని విడువలేదు. శరదిందు బందోపాధ్యాయ కథలో హత్యానుమానమునకు గుఱియైన సుకుమారుని సోదరి ఆమె. ఆమెపై మనసు మరలిన పరిశోధకునకు సాక్ష్యము నిష్పక్షపాతముగా కనబడునా? ఈ శంకయే కథకు బిగి. సత్యము తేలిన పిమ్మటనే సత్యవతి అతని యిల్లాలైనది.

ఉపాధ్యాయులు తరగతిలో చిన్న పరీక్ష పెట్టవచ్చును. ఆ ప్రణయమును తీసివేసినచో పరిశోధనలో ఏమి తఱుగునో విద్యార్థులను వ్రాయుమనవలెను. ఏమియు తఱుగనిచో అది కాలయాపనయే. పరిశోధకుని చూపునకే పరీక్షయైనచో అది కథకు వెన్నెముక. పరుల దోషమును పట్టుట తెలివి. ప్రియమైనవారి యెడలను నిజమును నిజముగా చూడగలుగుట న్యాయము. మంచి ఉపకథ విద్యార్థికి నేర్పవలసినది ఈ రెండవదానినే.