12 పాయింట్లంటే ఎంత?

తాతగారి జ్ఞాపకాలు పుస్తకంగా వేయిద్దామని డీటీపీ సెంటర్‌కి వెళితే మొదట ఎదురయ్యే ప్రశ్నలు రెండు: ఏ ఫాంటు, ఎన్ని పాయింట్లు? అంగుళంలో 72వ వంతు ఒక పాయింటు. ఆ లెక్కన 12 పాయింట్లంటే సుమారు 4.2 మిల్లీమీటర్లు.

స్కేలు పెట్టి కొలిస్తే అక్షరం అంత రాదేం అంటారా? రాదు. అది అక్షరం కొలత కాదు, అక్షరం కూర్చునే గడి కొలత. అందులో అక్షరం ఎంత మేర నిండాలన్నది ఫాంటు గీసినవారి ఇష్టం. అందుకే 12 పాయింట్లలోనే ఒక ఫాంటు నిండుగా, మరొకటి నలిగినట్టు కనిపిస్తుంది. అంకె చూసి తలూపకుండా ఒక పేజీ అసలు సైజులో ప్రింటు తీయించి చూడండి.

ఇక రకాలు. ఇంగ్లిష్ అక్షరాల్లో గీత చివర చిన్న తోక ఉంటే సెరిఫ్, లేకపోతే శాన్స్ సెరిఫ్. మన అక్షరాలకు ఆ తోకలు లేవు. పేర్లు మాత్రం అరువు తెచ్చుకున్నాం. తెలుగులో చూడాల్సింది గీత మందం. నోటో సెరిఫ్ తెలుగులో గీత లావుగా మొదలై సన్నబడుతుంది. నోటో శాన్స్ తెలుగులో దాదాపు ఒకే మందంగా సాగుతుంది. రామభద్ర లాంటి బొద్దు ఫాంట్లు శీర్షికలకు బాగుంటాయి, పేజీ నిండా పరిస్తే కళ్లు అలసిపోతాయి.

ఏ రకమైనా రెండు జంటలతో పరీక్షించండి. మొదటిది ప, వ. తలకట్టు విడిగా ఉంటే ప, అతుక్కుంటే వ. ఆ సందు వెంట్రుకవాసి అయితే చిన్న సైజులో ‘పాట’ ‘వాట’ అవుతుంది. రెండోది థ, ధ. బొద్దు అక్షరంలో సిరా పూడితే థ లోపలి చుక్క మాయమవుతుంది. కథను ‘కధ’ అని రాసేవాళ్లు ఇప్పటికే తక్కువేం లేరు, ఫాంటు సాయం కూడా ఎందుకు?

అసలు చిక్కు లీడింగ్‌లో ఉంది. అంటే ఒక వరుస నుంచి కింది వరుసకు ఉండే దూరం. ‘స్త్రీ’ చూడండి: పైన గుడిదీర్ఘం, కింద రెండు వత్తులు. ఇంగ్లిష్ అలవాటు కొద్దీ 12 పాయింట్ల అక్షరానికి 14.4 లీడింగ్ ఇస్తే పై వరుస వత్తు కింది వరుస గుడిని తాకే ప్రమాదం ఉంది. 19.2 ఇస్తే హాయిగా ఉంటుంది.

మరి కాగితం ఖర్చు? 18 సెంటీమీటర్ల ఎత్తున అచ్చు పడే పేజీలో మొదటి పద్ధతిలో 35 వరుసలు, రెండో పద్ధతిలో 26 పడతాయి. 100 పేజీల పుస్తకం సుమారు 135 పేజీలవుతుంది. అంత భారం వద్దనుకుంటే అక్షరాన్ని 11 పాయింట్లకు తగ్గించి, లీడింగ్ 16.5 ఉంచండి. పేజీకి 30 వరుసలు, మొత్తం 117 పేజీలకు మించదు. అక్షరం కాస్త తగ్గినా ఫరవాలేదు, వరుసలు ఇరుక్కుంటేనే చదవలేం.

దూరం నుంచి చదివే ఫ్లెక్సీకి లెక్క వేరు. 40 సెంటీమీటర్ల దూరంలో పుస్తకంలో 12 పాయింట్లు ఎంత కనిపిస్తాయో, 20 మీటర్ల దూరంలో అంతే కనిపించాలంటే 50 రెట్లు, అంటే 600 పాయింట్లు కావాలి. అది 21 సెంటీమీటర్లు, దాదాపు జానెడు.

చివరగా రంగు. వెబ్ పేజీలకు వాడే డబ్ల్యూసీఏజీ ప్రమాణం ప్రకారం మామూలు అక్షరానికీ వెనుక రంగుకూ వెలుగులో తేడా కనీసం 4.5:1 ఉండాలి. తెలుపు మీద నలుపు 21:1. శుభలేఖల్లో మనం మోజుపడే బంగారు రంగు తెరపై తెలుపు మీద 2:1 దాటడమే కష్టం. వాట్సాప్‌లో పంపే శుభలేఖలో ముహూర్తం, చిరునామా నలుపులోనే వేయించండి. బంగారు రంగు వినాయకుడి బొమ్మకు సరిపోతుంది.