వల గుండ్లు పోసే ఇంట్లో పిల్లలున్నారా?

గలిలయ సముద్రం దగ్గర యాకోబు, యోహానులు తండ్రితో కలిసి వలలు బాగుచేసుకుంటుండగా యేసు వారిని పిలిచాడని మత్తయి సువార్తలో చదువుతాం. వల బాగుచేసే పని జాలరి ఇంట్లో ఎప్పటికీ తీరదు. జూరాల జలాశయం, బీచుపల్లి దగ్గర కృష్ణ, అలంపురం దగ్గర తుంగభద్ర, సోమశిల దగ్గర శ్రీశైలం వెనుక జలాలు. వీటిని నమ్ముకుని బతికే కుటుంబాలు మన చుట్టూ ఎన్నో ఉన్నాయి.

విసురు వల గొడుగులా విచ్చుకుని నీటి అడుగుకు దిగాలంటే అంచు చుట్టూ బరువు ఉండాలి. గాలం దారానికి కూడా చిన్న గుండు కావాలి. ఆ బరువు ఎక్కువగా సీసమే. లీటరు నీళ్ళు పట్టే చెంబులో సీసం పోస్తే 11 కిలోలు దాటుతుంది. పైగా అది 327 డిగ్రీల వేడికే కరుగుతుంది, దానికి కట్టెల పొయ్యి చాలు. అందుకే చాలామంది ఇంటి దగ్గరే పోసుకుంటారు. పాత గరిటెలో సీసం కరిగించి, తడి లేని మట్టిలో చేసిన గుంటల్లో పోసి, చల్లారాక సుత్తితో సాగగొట్టి అంచు తాడుకు చుడతారు. చిన్న గుండ్లను కొందరు పళ్ళతోనే నొక్కి బిగిస్తారు. పని నేర్పుగానే సాగుతుంది. చిక్కంతా ఆ తర్వాత మిగిలే దుమ్ముతో.

పిల్లవాడికి కడుపు నొప్పి, మలబద్ధకం, ఆకలి లేదు, ముఖం పాలిపోయింది, బడిలో చదువు ఎక్కడం లేదు. ఇలాంటప్పుడు తల్లి డాక్టరుగారికి ఇవన్నీ చెబుతుంది. నులిపురుగుల మందు, రక్తం పట్టే మందు వాడతారు. కొన్నాళ్ళకు మళ్ళీ అదే బాధ. ఇంటి వెనుక గుండ్లు పోస్తామన్న మాట మాత్రం ఆమె చెప్పదు. అది జబ్బుకు సంబంధించినదని ఎవరు అనుకుంటారు?

కరిగిన సీసం పైన తేలే బూడిదలాంటి తెట్టును గీకి పక్కన పారేస్తాం. అది పొడిగా మారి నేల మీద, చేతుల మీద, లుంగీ మీద చేరుతుంది. నేల మీద పాకే బిడ్డ చేయి నోట్లోకి పోతుంది. పెద్దవారి కడుపులో పడిన సీసంలో పదో వంతు వరకు ఒంటికి పడితే, చిన్నపిల్లల్లో దాదాపు సగం పట్టవచ్చు. అది ఎముకల్లో చేరి ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. తల్లి గర్భవతి అయినప్పుడు ఆ ఎముకల్లోనుంచి బయటికి వచ్చి కడుపులోని బిడ్డకు చేరుతుంది. ఇంత వరకు ఫరవాలేదు అనదగిన మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పెద్దవారిలో రక్తపోటు, మూత్రపిండాల జబ్బు రావచ్చు. మామూలు రక్తపరీక్షలో ఇది తెలియదు, సీసం కోసం ప్రత్యేకంగా పరీక్ష చేయించాలి. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది ఒక్కసారిగా పడిపోయినప్పుడు ఎయిమ్స్ పరీక్షల్లో రోగుల రక్తంలో సీసం, నికెల్ కనబడ్డాయి. అలా వెదికారు కాబట్టే కనబడింది.

అన్నిటికన్నా ప్రమాదం పాత బ్యాటరీలు పగలగొట్టడం. ఆ పలకల మీద ఉండేది గట్టి లోహం కాదు, మెత్తని సీసపు పొడి. దానికి తోడు యాసిడ్. దయచేసి ఆ పని ఇంటి దగ్గర ఎన్నడూ చేయకండి. గుండ్లు పోయక తప్పకపోతే ఇంటికి దూరంగా, ఆరుబయట, గాలికి ఎదురుగా కాకుండా నిలబడి పోయండి. పిల్లలను, గర్భవతులను ఆ దరిదాపులకు రానివ్వకండి. వంట పొయ్యి, వంట గిన్నె వాడవద్దు. ఆ గరిటె మళ్ళీ వంటింట్లోకి రాకూడదు. కరిగిన సీసంలో నీటి చుక్క పడితే పేలినట్టు ఎగిరి కళ్ళలో పడుతుంది. ఒళ్ళు కాలితే పేస్టు, సిరా పూయకుండా 20 నిమిషాలు చల్లని నీటి ధార కింద ఉంచి ఆసుపత్రికి రండి. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కుని, బట్టలు విడిగా ఉతకండి. బీడీ, గుట్కా ఆ చేతులతో ముట్టవద్దు. గుండు బిగించడానికి పటకారు ఉంది, పళ్ళెందుకు?

బెల్లం తింటే, పాలు తాగితే విరుగుడు అంటారు. ఒంట్లో చేరిన సీసాన్ని అవి కడిగివేయవు. అయితే కాల్షియం, ఇనుము తక్కువైన పిల్లలకు సీసం ఎక్కువగా పడుతుంది కనుక పాలు, రాగిజావ, ఆకుకూరలు మానవద్దు.

సీసం లేకుండా వల మునగదా అంటే మునుగుతుంది. కాల్చిన మట్టి గుండ్లు పూర్వం నుంచీ ఉన్నవే. ఇనుప నట్లు, గొలుసు ముక్కలు కూడా పనికివస్తాయి. సీసం కన్నా కాస్త ఎక్కువ కట్టాలి, తుప్పు పడితే మార్చుకోవాలి. బ్రిటన్‌లో హంసలు సీసపు గుండ్లు మింగి చనిపోతున్నాయని 1987లోనే చాలా సైజుల గుండ్లను నిషేధించారు. హంసల కోసం అంత చేశారు!

పిల్లవాడు గుండు మింగితే మాత్రం మలంతో పోతుందిలే అని ఆగవద్దు. కడుపులోని ఆమ్లానికి సీసం కరుగుతుంది. వాంతి చేయించకుండా వెంటనే తీసుకురండి. ఎక్స్‌రేలో గుండు స్పష్టంగా కనబడుతుంది. అలాంటిదే ఇంకొక గుండు ఇంట్లో ఉంటే చేత పట్టుకుని రండి, డాక్టరుగారికి సైజు తెలుస్తుంది.